చెన్నై మార్గళి సీజన్: ఎవరూ నడపని పండగ ఎలా నడుస్తోంది

క్లుప్తంగా: డిసెంబర్ మధ్య నుంచి జనవరి మొదటి వారాల దాకా చెన్నైలో జరిగే సంగీత నృత్యాల సీజన్‌కి ఒక కమిటీ గానీ ఒక వేదిక గానీ ఒక టికెట్ గానీ లేవు. విడివిడి సభలు, అంటే కచేరీలు పెట్టే సంగీత సంస్థలు, ఎవరికి వాళ్ళు ఒకే నెలలో పెట్టుకునే కచేరీలన్నీ కలిపితే అదే సీజన్. ఉచిత కచేరీలు, చిన్న కళాకారుల అవస్థ, బిరుదుల గొడవలు, తెలుగు కీర్తనల మీద ఒకప్పుడు లేచిన వివాదం, వీటిలో చాలావాటి మూలం ఆ సభల ఏర్పాటులోనే ఉంది.

అఫీషియల్ షెడ్యూల్ ఎందుకు దొరకదు

నవంబర్ చివరికి రాగానే తెలుగు సంగీతాభిమానుల్లో చాలామందికి ఒకే సందేహం వస్తుంది, ఈసారి చెన్నై సీజన్‌కి వెళ్దామనుకుంటున్నాం, అఫీషియల్ వెబ్‌సైట్ ఏది, పాస్ ఎక్కడ కొనాలి అని. దీనికి సూటి జవాబు లేకపోవటానికి కారణం సీజన్ అనే పేరుతో అసలు ఏ సంస్థా లేకపోవటమే. మైలాపూర్, ఆళ్వార్‌పేట, టి.నగర్, ట్రిప్లికేన్ చుట్టుపక్కల ఉన్న సభలు ఎవరి షెడ్యూల్ వాళ్ళు వేసుకుంటాయి, ఎవరి టికెట్లు వాళ్ళు అమ్ముకుంటాయి, ఒకే సాయంత్రం ఒకే టైముకి అరడజను పెద్ద కచేరీలు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. అన్నీ కలిపి లెక్కేస్తే వెయ్యికి పైగా కార్యక్రమాలు. 2017లో యునెస్కో చెన్నైని సంగీతానికి క్రియేటివ్ సిటీగా గుర్తించింది కదా, కార్పొరేషనో ప్రభుత్వమో దీన్ని నడుపుతోందని బయటివాళ్ళు అనుకోవటం సహజం, కానీ ఆ గుర్తింపు వచ్చేనాటికే సీజన్‌కి దాదాపు తొంభై ఏళ్ళు.

1927లో కాంగ్రెస్ మహాసభ, 1928లో అకాడమీ

మొదలు రాజకీయ సభతో ముడిపడి ఉంది. 1927 డిసెంబర్‌లో మద్రాసులో అఖిల భారత కాంగ్రెస్ మహాసభ జరిగింది, దాంతోపాటే ఒక సంగీత సదస్సు పెట్టారు, కర్ణాటక సంగీతానికి ఒక ప్రామాణికమైన సంస్థ కావాలని అక్కడ తీర్మానం చేశారు. ఆ తీర్మానం ఫలితమే మ్యూజిక్ అకాడమీ, 1928 ఆగస్టు 18న సర్ సి.పి. రామస్వామి అయ్యర్ దాన్ని ప్రారంభించారు. ఏటా విద్వాంసులు కూర్చుని రాగలక్షణాల మీద చర్చించుకోవటానికి సదస్సు, ఆ సదస్సుకి తోడుగా సాయంత్రం కచేరీలు, ఇదీ మొదటి ఆలోచన. అంటే కచేరీ అనుబంధం, చర్చ అసలు పని. కాలం గడిచేకొద్దీ ఇది తిరగబడింది. ఇప్పుడు పొద్దున జరిగే లెక్‌డెమ్‌లకి (పాడి చూపిస్తూ చేసే ఉపన్యాసాలకి) పరిమితంగా జనం వస్తారు, సాయంత్రం హాలు కిక్కిరిసిపోతుంది.

అకాడమీ ఒక్కటే కాదు, దానికంటే పాతది ట్రిప్లికేన్‌లోని పార్థసారథి స్వామి సభ, 1900 నాటిది. 1932లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ, 1953లో కృష్ణ గాన సభ, 1958లో నారద గాన సభ, ఇలా ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. టి.నగర్‌లో వాణీ మహల్ అని అందరూ పిలిచే త్యాగబ్రహ్మ గాన సభ 1940ల్లో మొదలైంది, దాని స్థాపనలో ముందున్నది మన చిత్తూరు నాగయ్య గారు. సినిమా నటుడిగా మాత్రమే ఆయన్ని గుర్తుపెట్టుకున్న తెలుగువాళ్ళకి ఈ సంగతి అంతగా తెలియదు.

డిసెంబరే ఎందుకు

భక్తి ఒక్కటే కారణం కాదు. మార్గళి అంటే మనకి ధనుర్మాసం, తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే నెల, మైలాపూర్ మాడవీధుల్లో తెల్లవారుజామున భజన తిరిగే నెల. దాంతోపాటు ఆ నెలలో పెళ్ళి ముహూర్తాలు ఉండవు. ఒకప్పుడు విద్వాంసుల ఆదాయంలో పెద్ద భాగం పెళ్ళి కచేరీలదే కాబట్టి ముహూర్తాలు లేని నెలంటే వాళ్ళు ఖాళీగా దొరికే నెల. ఇంకో పక్క సభలు పెట్టినవాళ్ళలో లాయర్లు, జడ్జీలు, పెద్ద ఉద్యోగులు ఎక్కువ, హైకోర్టుకి క్రిస్మస్ సెలవులు సరిగ్గా అప్పుడే. మద్రాసు ఎండకి ఊరట కూడా ఆ ఒక్క నెలలోనే. పాడేవాళ్ళకి తీరిక, పెట్టేవాళ్ళకి తీరిక, వినేవాళ్ళకి చల్లదనం మూడూ ఒకేసారి కుదిరిన నెల ఇంకోటి లేదు, అందుకే మిగతా సభలన్నీ వేరే నెల వెతుక్కోకుండా అక్కడికే చేరాయి.

సభ ఎలా బతుకుతుంది

అసలు కీలకం ఇక్కడే ఉంది. సభ అంటే ఒకరకంగా సభ్యుల క్లబ్. సభ్యులు చందా కడతారు, దానికి బదులుగా ఏడాది పొడుగునా అప్పుడప్పుడూ కచేరీలు, డిసెంబర్‌లో మంచి సీట్లు. దానికి బయటివాళ్ళ టికెట్లు, స్టేజి వెనక బ్యానర్ మీద కనిపించే బ్యాంకుల, నగల షాపుల, పట్టుచీరల షాపుల స్పాన్సర్‌షిప్, సావనీర్‌లో ప్రకటనలు తోడవుతాయి. సొంత హాలు ఉన్న సభకి అద్దె కూడా వస్తుంది, లేని సభకి అద్దె ఖర్చు. సెక్రటరీ, కమిటీ కలిసి ఎవరికి ఏ స్లాట్ ఇవ్వాలో తేలుస్తారు, దానికి రాతపూర్వకమైన రూల్ చాలా చోట్ల ఉండదు.

ఈ ఏర్పాటు వల్ల జరిగే మొదటి సంగతి, ఒకే పేర్లు అన్ని సభల్లోనూ కనిపించటం. ప్రతి సభలోనూ చందా కట్టిన సభ్యుడు ఫలానా పెద్ద గాయని మన హాల్లో పాడాలి అని అడుగుతాడు, పక్క వీధిలో నిన్ననే పాడింది కదా అంటే ఒప్పుకోడు. దాంతో ఒక టాప్ విద్వాంసుడు మూడు వారాల్లో ఏడెనిమిది చోట్ల పాడాల్సి వస్తుంది, గొంతు అలిసిపోతుంది, తోడి, భైరవి, కల్యాణి, కాంభోజి రాగాలే మళ్ళీ మళ్ళీ వస్తాయి. విమర్శకులు దీన్ని కళాకారుల తప్పుగా రాస్తుంటారు గానీ చందాల పద్ధతిలోంచే ఇది వస్తుంది.

రెండోది స్లాట్ల మెట్లు. మధ్యాహ్నం కుర్రవాళ్ళు, నాలుగింటి ప్రాంతంలో కాస్త పేరొచ్చినవాళ్ళు, రాత్రి ఏడింటి ప్రాంతంలో సీనియర్లు. మధ్యాహ్నం కచేరీలు చాలా సభల్లో ఫ్రీ. ఒక స్లాట్ నుంచి ఇంకో స్లాట్‌కి వెళ్ళటాన్ని అక్కడ ప్రమోషన్ అనే అంటారు, ఆఫీసులో అన్నట్టే, దానికోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూసినవాళ్ళు ఉన్నారు. మధ్యాహ్నం స్లాట్‌కి ఇచ్చే పారితోషికం వయొలిన్‌కీ మృదంగానికీ కలిపి సరిపోక గాయకుడే చేతి నుంచి పెట్టుకునే సందర్భాలు తక్కువేం కాదు. బయట ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకి రైలు ఖర్చు, రూమ్ ఖర్చు అదనం. విజయవాడ నుంచో విశాఖ నుంచో ఒక అమ్మాయి గంటంబావు పాడటానికి వచ్చి వెళ్తే మిగిలేది బయోడేటాలో ఒక లైను. కానీ ఆ లైనుకి విలువుంది, తర్వాత బెంగుళూరు సభా, అమెరికా టూర్ ఆర్గనైజర్లూ ముందు చూసేది దాన్నే.

మూడోది వినేవాళ్ళ అలవాట్లు. కచేరీ ఇప్పుడు ఉన్న రూపం, అంటే వర్ణంతో మొదలై, చిన్న పెద్ద కీర్తనలు, ఒక ప్రధాన రాగం, చివర్లో తుక్కడాలు (చిన్న తేలిక పాటలు), మంగళం, దీన్ని స్థిరపరచిన ఘనత ఎక్కువగా గాయకుడు అరియకుడి రామానుజ అయ్యంగార్‌ది. పాత కాలపు నాలుగైదు గంటల కచేరీ రెండున్నర గంటల్లో పట్టేలా సర్దుకుంది, సభకి తర్వాతి స్లాట్ ఉంది కాబట్టి. ప్రధాన కీర్తన అయ్యాక గాయకుడు మృదంగం వైపు తల ఊపుతాడు, తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగం, మొదలవుతుంది, అప్పుడే హాల్లో మడత కుర్చీలు టపటపమని పైకి లేస్తాయి, తలుపు తెరుచుకున్నప్పుడల్లా క్యాంటీన్ నుంచి డికాక్షన్ వాసన లోపలికి వస్తుంది, ముప్ఫై ఏళ్ళు సాధన చేసిన చేయి తిశ్ర గతిలోకి (మూడేసి దెబ్బల నడకలోకి) వెళ్ళేటప్పటికి మధ్య వరసలు సగం ఖాళీ. ముందు వరసలో మాత్రం ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని వేళ్ళ మీద తాళం వేస్తూ కోర్వై (ముగింపు లయ వరస) ఎక్కడ పడుతుందో లెక్క చూసుకుంటూనే ఉంటాడు. మృదంగ విద్వాంసులు ఈ విషయం మీద బాధపడుతూ చాలాసార్లు మాట్లాడారు, వాళ్ళ బాధ న్యాయమైనదే, రెండో సభలో ఇంకో కచేరీకి పరిగెత్తేవాళ్ళకి లేవటానికి దొరికే సందు అదొక్కటే కావటం దీనికి ఒక కారణం.

నాట్యానికి లెక్క వేరు

సంగీతంలో ఒక గాయకుడికి వయొలిన్, మృదంగం, ఇంకా ఉంటే ఘటం. భరతనాట్యం సోలో అంటే నట్టువాంగం (తాళాలు వేస్తూ జతులు చెప్పటం), గాత్రం, మృదంగం, వయొలిన్ లేదా వేణువు, పైగా మేకప్, ఆహార్యం, లైటింగ్, వీటన్నిటికీ ముందు రిహార్సళ్ళు. రికార్డింగ్ పెట్టి ఆడితే చెన్నైలో చిన్నచూపు, లైవ్ ఆర్కెస్ట్రా ఉండాల్సిందే. సభ ఇచ్చే డబ్బు ఇందులో ఒక మూలకి కూడా రాదు, మిగతాది డాన్సర్ పెట్టుకోవాలి. ఖర్చు భరించగలిగిన కుటుంబాలు, ముఖ్యంగా విదేశాల్లో స్థిరపడిన కుటుంబాలు ముందుకి రావటం, భరించలేని మంచి డాన్సర్ వెనకబడటం ఈ లెక్కలోంచే వస్తుంది. కొన్ని చోట్ల స్లాట్ కోసం డొనేషన్ అడుగుతారని డాన్సర్లే చాలా ఏళ్ళుగా బయటికి చెబుతున్నారు.

చరిత్ర కూడా కలిపి చూడాలి. 1931లో అకాడమీ వేదిక మీద కళ్యాణి కూతుళ్ళుగా పేరుపడిన అక్కచెల్లెళ్ళు సదిర్ (దేవదాసీల నాట్యం) ఆడినప్పుడు అది ధైర్యమైన పని, ఎందుకంటే దేవదాసీ వ్యవస్థకి వ్యతిరేకంగా డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి లాంటివాళ్ళ ఉద్యమం అప్పుడు బలంగా ఉంది. ఈ నాట్యాన్ని కాపాడాలని వాదించిన లాయర్ ఇ. కృష్ణ అయ్యర్ అకాడమీలో ముఖ్యుడు. సదిర్ అనే పేరు పోయి భరతనాట్యం అనే పేరు స్థిరపడింది ఆ రోజుల్లోనే, 1936లో రుక్మిణీదేవి అరండేల్ కళాక్షేత్ర అనే నాట్య సంస్థ పెట్టారు, 1947లో దేవదాసీ సమర్పణని నిషేధిస్తూ మద్రాసు చట్టం వచ్చింది. కళ నిలబడింది గానీ దాన్ని తరతరాలుగా మోసిన కుటుంబాల ఆడవాళ్ళు వేదిక మీద నుంచి చాలావరకు తప్పుకోవాల్సి వచ్చింది. వీణ ధనమ్మాళ్ మనవరాలు బాలసరస్వతికి 1973లో అకాడమీ బిరుదు సంగీత కళానిధి వచ్చింది, ఒక నర్తకికి ఆ బిరుదు ఇచ్చింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు అకాడమీ డాన్స్ ఫెస్టివల్ జనవరి 1న సంగీత సదస్సు ముగిశాక విడిగా జరుగుతుంది, కృష్ణ గాన సభ 1981 నుంచి డిసెంబర్‌లో నాట్యకళా సదస్సు పెడుతోంది. కూచిపూడి విషయానికొస్తే వెంపటి చినసత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీని పెట్టింది మద్రాసులోనే, కృష్ణా జిల్లా గ్రామం నుంచి ఈ నాట్యం దేశదేశాలకి వెళ్ళిన దారి చాలావరకు మద్రాసు మీదుగానే పోయింది.

పాట తెలుగు, పుస్తకం తమిళ లిపి

తెలుగు పాఠకులకి బాగా దగ్గరైన ముడి ఇది. సీజన్‌లో ఏ సభకి వెళ్ళినా వినిపించే సాహిత్యంలో పెద్ద వాటా తెలుగే, త్యాగరాజు కీర్తనలు, శ్యామశాస్త్రి కృతుల్లో ఎక్కువ, క్షేత్రయ్య పదాలు, జావళీలు, చాలా వర్ణాలు. తంజావూరుని 1532 నుంచి 1673 దాకా ఏలిన నాయక రాజులు, వాళ్ళ తర్వాత వచ్చిన మరాఠా రాజులు తెలుగుని ఆస్థాన సంగీత భాషగా ఆదరించటం వల్ల వచ్చిన వారసత్వం అది.

పాడేవాళ్ళలో చాలామందికి తెలుగు రాదు, పాట నేర్చుకునేది తమిళ లిపిలో రాసుకుని. ఆ లిపిలో క, గ ఒకటే అక్షరం, త, ద ఒకటే, ప, బ ఒకటే. మామూలుగా రాస్తే గానము, కానము రెండూ ఒకేలా ఉంటాయి, బంటు అని రాసినా పంటు అని చదువుకోవచ్చు. అందుకే తమిళంలో అచ్చయ్యే కీర్తనల పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అంకెలు వేస్తారు, ఆ వర్గంలో ఎన్నో అక్షరమో తెలియటానికి. ఆ అంకె చూసుకోకుండా పాడినప్పుడే తెలుగు శ్రోతకి మాట విరిగినట్టు వినిపిస్తుంది. ఇది భాష మీద నిర్లక్ష్యం అని ఒక్కమాటలో కొట్టిపారేయటం సరికాదు. తమది కాని భాషలో వందల కీర్తనలు కంఠతా పట్టి ఇన్ని తరాలు నిలబెట్టినవాళ్ళు వాళ్ళు.

అటువైపు బాధ కూడా ఉంది. మన ఊళ్ళో మన భాషలో పాటలు తుక్కడాల్లోనే ఎందుకు అని తమిళులు అడగటం 1940ల్లో ఉద్యమమైంది, రాజా అన్నామలై చెట్టియార్ పూనికతో 1943లో తమిళ్ ఇసై (తమిళ సంగీత) సంఘం ఏర్పడింది, అది కూడా డిసెంబర్‌లోనే తన పండగ పెడుతుంది. అకాడమీని మార్చటం కుదరనప్పుడు ఇంకో సభ పెట్టుకున్నారు, ఎవరూ నడపని పండగలో అసమ్మతికి దారి అదే.

తెలుగువాళ్ళకి అక్కడ పెద్ద పీటలు దక్కాయి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1941 సదస్సుకి అధ్యక్షత వహించారు, బాలమురళీకృష్ణ గారికి 1978లో, శ్రీపాద పినాకపాణి గారికి 1983లో, నేదునూరి కృష్ణమూర్తి గారికి 1991లో సంగీత కళానిధి వచ్చింది. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారికి 1998లో వచ్చింది. సీజన్ మొదలయ్యేది నాదస్వరంతోనే అయినా ప్రధాన సాయంత్రం స్లాట్లలో ఆ వాద్యం అరుదుగానే కనబడుతుంది, ఈ తేడా గురించి ఇంకా గట్టిగా మాట్లాడాల్సిన అవసరం ఉంది.

వేరే ఊళ్ళలో ఎలా ఉంది

పుణెలో భీమ్‌సేన్ జోషి గారు గురువు పేరు మీద 1953లో మొదలుపెట్టిన సవాయి గంధర్వ ఉత్సవం కూడా డిసెంబర్‌లోనే, కానీ అక్కడ ఒకే వేదిక, ఒకే నిర్వాహక సంస్థ, వేలమంది ఒకచోట కూర్చుని అందరూ ఒకే కళాకారుణ్ణి వింటారు. కలకత్తా డోవర్ లేన్ సదస్సు కూడా ఒకే హాలు, రాత్రంతా కచేరీలు. ఖజురహో నృత్యోత్సవం మధ్యప్రదేశ్ ప్రభుత్వం పెట్టేది, గుళ్ళ నేపథ్యంలో టూరిజం కోసం రూపొందింది. తిరువయ్యారు ఆరాధన పుష్య బహుళ పంచమికి, అది కచేరీ కంటే యాత్ర, టికెట్ ఉండదు. బెంగుళూరులో 1939 నుంచి నడుస్తున్న రామసేవా మండలి వాళ్ళ రామనవమి కచేరీలు ఒక్క పందిరి కింద వారాల తరబడి సాగుతాయి.

ఒకే వేదిక ఉన్నచోట కొత్తవాళ్ళకి చోటు తక్కువ గానీ వచ్చినవాళ్ళకి వేలమంది శ్రోతలు దొరుకుతారు. చెన్నైలో వందలమంది కొత్తవాళ్ళకి చోటుంది, ఎదురుగా కూర్చునేది ఇరవై మందో ముప్ఫై మందో.

మన దగ్గర ఇలాంటి సీజన్ ఎందుకు రాలేదు అనే ప్రశ్నకి జవాబు ప్రతిభలో వెతికితే దొరకదు. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి చాలా ఏళ్ళు విద్వాంసులకి జీతాలిచ్చి పోషించింది, ఆ తర్వాత ప్రభుత్వ శాఖల ఉత్సవాలు వచ్చాయి. రేడియో తగ్గితే, ఆఫీసర్ మారితే ఆ పోషణ సన్నగిల్లుతుంది. విజయవాడలో విశాఖలో పట్టుదలగా నడుస్తున్న సభలు ఉన్నాయి, కానీ ఊళ్ళో కచేరీ అంటే ఫ్రీ అనే అలవాటు బలంగా ఉంది, సొంత డబ్బుతో ఏటా చందా కట్టి కుర్చీ నాది అనుకునే మధ్యతరగతి సభ్యత్వం చెన్నై స్థాయిలో పెరగలేదు. ఏ కొత్త ఉత్సవం ప్రకటించినా ముందు చూడాల్సింది అందులో చందాదారులు ఉన్నారా లేదా అన్నదే.

2018, 2024: గొడవలు ఎక్కడ పుడతాయి

2018లో మీటూ ఆరోపణలు వచ్చినప్పుడు అకాడమీ ఆ ఏడాది సీజన్ నుంచి ఏడుగురు కళాకారుల్ని తప్పించింది. అయితే ప్రతి సభా స్వతంత్రం కాబట్టి ఒక సభ తీసుకున్న నిర్ణయం ఇంకో సభని కట్టిపడెయ్యదు. నిర్వాహకుడు లేకపోవటం స్వేచ్ఛ ఇస్తుంది, జవాబుదారీ దగ్గరకొచ్చేసరికి అదే లోపం.

2024 మార్చిలో గాయకుడు టి.ఎం. కృష్ణని సంగీత కళానిధికి ఎంపిక చేసినప్పుడు గాయనులు రంజని గాయత్రి సోదరీమణులతో పాటు కొందరు ఆ ఏడాది అకాడమీలో పాడమని తప్పుకున్నారు. కర్ణాటక సంగీత లోకంలో కులాధిక్యం మీద కృష్ణ మాటలు, ద్రవిడ ఉద్యమ నాయకుడు పెరియార్ గురించి ఆయన అభిప్రాయం అభ్యంతరానికి కారణం. ఇక్కడ చాలామంది కలిపేసుకున్న సంగతి ఒకటుంది. సంగీత కళానిధి అకాడమీ ఇచ్చే బిరుదు, దానితో పాటు హిందూ పత్రికా సంస్థ 2005లో పెట్టిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పేరిట లక్ష రూపాయల అవార్డు వేరు. కోర్టుకి వెళ్ళింది ఆ రెండోది, సుబ్బులక్ష్మి మనవడు వేసిన కేసు. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు కూడా ఆ అవార్డు గురించే గానీ బిరుదు గురించి కాదు.

ముందు ముందు

సభ్యుల వయసు పెరిగిపోతోంది, ఇది హాల్లోకి అడుగుపెట్టగానే కంటికి కనిపించే మార్పు. 2020లో కోవిడ్ వచ్చి హాళ్ళు మూతపడినప్పుడు కొన్ని సభలు కలిసి ఆన్‌లైన్ సీజన్ పెట్టాయి, ఒకరితో ఒకరికి సంబంధం లేని సభలు ఒక టికెట్ కింద కలవటం చాలా అరుదైన సంగతి. తర్వాత హాళ్ళు తెరుచుకోగానే ఎవరి దారి వాళ్ళది అయింది గానీ లైవ్‌స్ట్రీమ్ మాత్రం మిగిలింది, హైదరాబాద్‌లో డల్లాస్‌లో కూర్చుని వినేవాళ్ళు పెరిగారు. వాళ్ళు టికెట్ కొంటారు, సభ్యత్వం తీసుకోరు, ఫలానా స్టార్ మన హాల్లోనే పాడాలి అనే పట్టింపు వాళ్ళకి లేదు. ఒకే పేర్లు అన్ని సభల్లో తిరగటానికి కారణం ఆ పట్టింపే కాబట్టి, ఆన్‌లైన్ శ్రోతల వాటా పెరిగేకొద్దీ ఒక్కో విద్వాంసుడు పాడే కచేరీల సంఖ్య తగ్గి, కచేరీకి కచేరీకి మధ్య విశ్రాంతి దొరికే అవకాశం ఉంది. మధ్యాహ్నం స్లాట్‌కి మాత్రం దీనివల్ల ఒరిగేది తక్కువ, తెలియని పేరుకి ఆన్‌లైన్‌లో టికెట్ కొనేవాళ్ళు అరుదు. అక్కడ ఇప్పటికీ కావాల్సింది మధ్యాహ్నం పన్నెండింటి ఎండలో ఆటో దిగి వచ్చి ముందు వరసలో కూర్చునే ఆ ఇరవై మందే.